వాన వెలిసిన అయిదవనాడు

పాలకుర్తి సోమేశ్వరస్వామి కొండపై పెద్దవాన కురిసిన దినమున ఊరివారు వాకిళ్లలో నిలిచి చూచెడి వేడుక యొకటి కలదు. ఏనుగు వీపువలె నున్నగా వంగిన ఆ బండల పైనుండి పదిచోట్ల తెల్లని ధారలు పుట్టి, బండకు బండకు నడుమనున్న సందులలో జొరబడి, కొన్ని యొకటిగా కూడి, క్రిందనున్న చెట్ల మొదళ్లకు ఎఱ్ఱమన్ను చిమ్ముచు దిగును. చిన్ననాట నేను దానినే జలపాతమనుకొంటిని. అట్లనుకొనుటలో తప్పును లేదు, ఎత్తునుండి నీరు పడుచున్నది కదా. కాని వాన వెలిసిన గంటకు ధార దారమగును. రెండవ గంటకు బండమీద తడిచారయే మిగులును. ఎండ తగిలినంతనే అదియు నుండదు. మరునాడు తలయెత్తి చూచినచో, నిన్న నీరు పాఱిన జాడకు సాక్ష్యముగా నల్లని నిలువుచారలు మాత్రము కనబడును. ఆ నలుపు రాతిది కాదు. నీరు దిగు దారినే యంటిపెట్టుకొని ఏండ్ల తరబడి బ్రతుకుచున్న సూక్ష్మజీవులును, మసాలాలలో వేయు రాతిపువ్వునకు చుట్టములైన లైకెనులును వేసిన రంగు.

ఈ గంటసేపటి జలపాతమును కన్నులార చూచి పెరిగినవాడు, నెలల తరబడి ఎండని జలపాతమును మొదటిసారి చూచినప్పుడు, అందమునకంటె ముందుగా ఆశ్చర్యమునకు లోనగును. నాకు అట్లే జరిగినది. మహబూబాబాదు జిల్లా గూడూరు మండలములో, సీతానగరము దాపుల అడవిలోనున్న భీమునిపాదము జలపాతమును చూడబోయిన నాటికి వాన వెలిసి అయిదు దినములైనది. ఆకాశము తెల్లగా నున్నది. బాటలో దుమ్ము లేచుచున్నది. జలపాతము మాత్రము తన పని తాను చేసికొనుచునే యున్నది. ఆ నీరెక్కడిది?

ఈ ప్రశ్నకు సమాధానము భీమునిపాదమున కంటె ముందు పాలకుర్తి బండలోనే వెదకవలసి యున్నది. పాల్కురికి సోమనాథుని పుట్టినయూరుగా, పోతన బమ్మెరకు పొరుగూరుగా పేరుగాంచిన ఈ గ్రామము 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేట జనగామ జిల్లాలో చేరినది. కొండగుహలలో సోమేశ్వరుడును లక్ష్మీనరసింహుడును వెలసియున్నారు. ప్రదక్షిణము చేయ శక్తి చాలని యొక వృద్ధభక్తురాలికై కొండయే చీలి దారి యిచ్చినదని స్థలపురాణము చెప్పుదురు. భక్తుల నమ్మకముతో శాస్త్రమునకు జగడము లేదు. అయినను కొండ చీలుట యన్నది గ్రానైటునకు సహజధర్మమని మాత్రము భూవిజ్ఞానము చెప్పును. సుమారు 250 కోట్ల ఏండ్లనాడు భూగర్భమున కరగియున్న శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడగా నేర్పడినది ఈ రాయి. చల్లారునప్పుడు ముడుచుకొని కొన్ని బీటలు వారినది. పైనున్న వేలాది అడుగుల బరువు కోట్ల సంవత్సరములలో కొట్టుకొనిపోయి తాను బయటపడినప్పుడు, అణగియున్నది విచ్చుకొనినట్లు పైకి ఉబ్బి, ఉల్లిపొరలవలె మఱికొన్ని బీటలు వారినది. ఆ బీటలలో నీరు దిగి, రాతిని మెత్తబరచి, మూలలను అరగదీసి, తెలంగాణమంతట మనము చూచుచున్న గుండ్రని దొంతరబండలను చెక్కినది.

ఇంత చీలినను ఈ రాయి నీరు త్రాగునది కాదు. బీటలలో పట్టినంత పట్టగా, తక్కినదంతయు జారిపోవలసినదే. ఎంత జారిపోవునో లెక్క కట్టుట తేలిక: ఎకరము బండపై అంగుళము వాన కురిసినచో ఆ నీరు లక్ష లీటర్లకు పైబడును. ఆ లక్ష లీటర్లను గంటసేపైన పట్టి యుంచుటకు కొండనెత్తిన మన్ను లేదు. పట్టి యుంచుపనిని కొండ చేయనందున మనుష్యులు పూనుకొనిరి. బండల పాదముల యొద్ద కట్టలు పోసి, జారిపోవు నీటిని చెరువులలో నిలిపిరి. కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున, నర్సంపేట దాపున కట్టిన పాఖాల చెరువు ఆ బుద్ధికి పరాకాష్ఠ. ఆ పాఖాల పేరే మన ప్రయాణములో మఱల వినబడబోవుచున్నది.

పాలకుర్తి నుండి తొఱ్ఱూరు, మహబూబాబాదుల మీదుగా గూడూరు చేరు బాటలో కనులు తెరచి కూర్చున్నవానికి ఒక మార్పు తెలియును. దొంతరబండలు క్రమముగా అరుదగును. వాని స్థానమున బారుబారుగా సాగిన గట్లు, వానిపై అడవి కానవచ్చును. శిల మాఱినదన్నమాట. ఇవి గ్రానైటు వలె కరగి గట్టిపడినవి కావు. ప్రాచీన జలాశయముల అడుగున ఇసుకయు బురదయు పొరపై పొరగా పేరుకొని గట్టిపడినవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్, ప్రాణహిత గోదావరీ లోయపై 1881లో వెలువరించిన బృహద్గ్రంథమున ఈ శిలావర్గమును పాఖాల చెరువు పేరనే వర్ణించెను. కాకతీయులు కట్టిన చెరువు పేరు నూరు కోట్ల ఏండ్లకు పైబడిన రాళ్లకు పెట్టబడుట చరిత్రకు జరిగిన చిత్రమైన సన్మానము. బిడ్డ పేరు ముత్తాతకు పెట్టినట్లైనది.

వాహనము దిగిన పిమ్మట నడక కష్టమైనది కాదు. పిల్లలును పెద్దలును పోదగిన కాలిబాట. ఇరువైపుల టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ; నడుమ నడుమ వెదురుపొదలు. ఆకురాల్చు అడవి యగుటచే వేసవిలో వచ్చినవానికి ఎండుకట్టెల రాశివలె తోచు ఈ ప్రదేశమే శ్రావణమాసమున గొడుగు పట్టినట్లుండును. అడుగు వేసినప్పుడు నేల మెత్తగా అణగి మఱల లేచినట్లుండుట నేనప్పుడు గమనించితిని గాని, దాని అర్థము అప్పటికి నాకు తట్టలేదు.

చప్పుడు ముందుగా వచ్చును. చెట్లు తొలగిన పిదప ధార కనబడును. సుమారు 70 అడుగుల ఎత్తు. భీముని అడుగు పడినచోట నీరు పుట్టినదని ఇక్కడివారి కథ. పల్నాటిలో చంద్రవంకపైనున్న ఎత్తిపోతలయు ఇంచుమించు ఇంతే యెత్తు గలది. అయినను ఎత్తిపోతల యెదుట నిలిచినవానికి దూరము పాటింపక తప్పదు, ఇచ్చటనో కొద్దిపాటి నీరున్న దినములలో ధారకు ఎదురుగా కూర్చుండి దానిని చదువుకొనవచ్చును. విద్యార్థికి పెద్ద జలపాతముకంటె చిన్నదే మంచి గురువని నా అభిప్రాయము. పెద్దది నోరు మూయించును, చిన్నది ప్రశ్నలడుగనిచ్చును.

మేకలను తోలుకొని వచ్చి నీడన కూర్చున్న యొక ముసలాయనను, ఇక్కడ నిన్న మొన్న వాన పడినదా యని అడిగితిని. ఆయన నవ్వి, "యాడిది సారూ, వాన పోయి అయిదొద్దులాయె. పైన ఒర్రె ఆరలే, గంతే" అనెను. ఆరకపోవుటకు కారణమేమని మఱల అడిగితిని. "అడివిల ఒర్రె అట్లనే ఉంటది. మా ఊరి ఒర్రె పొద్దుగూకెవరకు ఆరుతది" అని మేకల వెంట పోయెను. నేను పాలకుర్తి నుండి మోసికొనివచ్చిన ప్రశ్నను ఆయన ఒక్కమాటలో నా ముందు పెట్టి పోయినాడు.

మొదట ఎత్తు సంగతి చెప్పెదను; అది తేలిక. వాగు తన దారిలో గట్టిపొరను దాటి మెత్తనిపొరను చేరినప్పుడు, మెత్తనిది త్వరగా అరిగి లోతగును, గట్టిది గడపవలె నిలిచిపోవును. గడపనుండి పడిన నీరు తనతో తెచ్చిన ఇసుకను, గులకరాళ్లను సుడి తిప్పి అడుగును తొలిచి గుండము చేయును. తుంపరలు గడప క్రింది పొరను నిత్యము తడిపి పొడిచేయును. క్రింద ఆధారము తొలగిన గడపరాయి ఒకనాడు విరిగి పడును. జలపాతము అంతమేర వెనుకకు జరుగును. భీమునిపాదము గోడలో పొరలు పొరలుగా కనబడుచున్న రాతి అంచులును, ధార వెనుక గుహవలె నున్న తావును, దిగువ పడియున్న పలకబండలును ఈ కథకు మూడు అధ్యాయములు. నయాగరా ఇదేరీతిని దాదాపు 12,000 ఏండ్లలో 11 కిలోమీటర్లు వెనుకకు నడచినది. జలపాతము నిలుకడ గల వస్తువని మనము భ్రమింతుము గాని, అది వాగు ఇంకను పూర్తిచేయని పని. పూర్తియైననాడు అచ్చట ఏటవాలు వాగు మాత్రమే యుండును.

పడుటలో నీటికేమగునో చూచుటయు వినోదమే. 70 అడుగులు పడుటకు గాలి అడ్డు లేనిచో రెండు సెకండ్లు చాలును. అడుగుకు చేరునప్పటికి వేగము గంటకు 70 కిలోమీటర్లు దాటును. కాని ధార చీలి చినుకులైనకొలది గాలి దానిని పట్టి ఆపును, పెద్ద వానచినుకైనను సెకనుకు 9 మీటర్లకు మించి పడలేదు గనుక, అంచులలోని తుంపర నెమ్మదిగా ఊగుచు దిగును, నడిమిధార మాత్రము సూటిగా దూకును. ఒకే నీరు, ఒకే యెత్తు, రెండు నడకలు. పడిన నీటి శక్తి యెచ్చటికి పోవును? కొంత చప్పుడుగాను, చాలవరకు వేడిగాను మాఱును. జేమ్స్ జూల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1847లో పెండ్లియైన క్రొత్తలో భార్యతో ఆల్ప్సు పర్వతములకు విహారమునకు పోయి, జలపాతము పైని నీటికిని క్రింది నీటికిని గల వేడిలో తేడాను కొలువ ప్రయత్నించెనని చెప్పుకొందురు. కొత్త పెండ్లికూతురు ఏమనెనో చరిత్ర వ్రాయలేదు. నీటి వేడి ఒక్క డిగ్రీ పెరుగుటకు అది సుమారు 427 మీటర్లు పడవలెను. కనుక మన భీమునిపాదమున డిగ్రీలో ఇరువదవ వంతు మాత్రమే. తుంపర ఆవిరియగుచు చుట్టుపట్ల గాలినుండి తీసికొను వేడి యంతకంటె ఎంతయో ఎక్కువ. ఆ చల్లదనమే ముఖమునకు తగులునది.

ఆ హోరునకు మూలము నీరు రాతిని కొట్టుటయే యని తోచును గాని, అది సగము మాటయే. పడునీరు తనతో గాలిని లోనికి తీసికొనిపోవును. ఆ గాలి బుడగలై, ప్రతి బుడగయు గంటవలె మ్రోగును. బుడగ పరిమాణమునకును దాని స్వరమునకును గల సంబంధమును 1933లో హాలెండులో పనిచేయుచుండిన శాస్త్రజ్ఞుడు మినార్టు లెక్కకట్టెను: ఒక మిల్లీమీటరు వ్యాసార్ధము గల బుడగ సెకనుకు మూడువేలకు పైగా కంపించి సన్నగా పాడును, సెంటీమీటరు బుడగ మూడువందల పైచిలుకు కంపనములతో బొంగురుగా మ్రోగును. వేల బుడగలు కలిసిన గోష్ఠియే జలపాతపు శ్రుతి. ఆ బుడగలే నీటిని తెల్లగా చూపుచున్నవి. ప్రతి బుడగ గోడయు వెలుగును చెదరగొట్టగా ఏ రంగునకును ప్రాధాన్యము లేక అన్నియు కలిసి తెలుపగును. ఇక జలపాతము చెంత గాలిలో ఋణవిద్యుత్కణములు పుట్టునని 1892లో ఫిలిప్ లెనార్డు కనుగొనిన మాట నిజమే కాని, అవి సర్వరోగములను కుదుర్చునని అంగళ్లలో యంత్రములమ్మువారి మాటను నేను నమ్మను. జలపాతమునొద్ద మనస్సు తేలికపడుటకు యంత్రము అక్కరలేదు.

ఇప్పుడు ముసలాయన మాటకు వత్తము. అడవిలో కురిసిన వాన ముందు ఆకులపై పడి వేగము కోల్పోవును, చినుకు దెబ్బ నేలకు తగులదు. క్రింద రాలుటాకు పరుపు. దాని క్రింద, వేర్లు పోయి కుళ్లిన గొట్టములు, వానపాములు చేసిన బొక్కలు, చెదలు త్రవ్విన సొరంగములు. పాలకుర్తి ప్రక్కనే వల్మిడి యను గ్రామము కలదు. వాల్మీకి పేరుతో దానిని ముడిపెట్టి చెప్పుకొందురు. వల్మీకమనగా పుట్ట. పుట్టను పెట్టిన చెదలు అడవికి చేయు మేలు మనము గుర్తింపము. వాని సొరంగముల ద్వారా నీరు నేలలోనికి చొచ్చుకొనిపోవు వేగము చుట్టుపట్ల గట్టినేలలో కంటె చాల ఎక్కువ. నడచినప్పుడు నా పాదము క్రింద అణగి లేచినది ఈ బోలుతనమే. బండమీద నిమిషములలో దిగిపోవు నీరు, ఈ నేలలో దినమునకు అంగుళములో, అడుగులో, కొన్ని గజములో మాత్రమే నడచుచు, వాలు వెంబడి ఒర్రె గట్టు చేరి ఊటగా బయటపడును. గట్టుకు దగ్గర కురిసినది ముందుగాను, దూరమున కురిసినది ఆలస్యముగాను చేరుచుండుటచే, ఒక్కనాటి వాన అనేక దినముల ప్రవాహముగా సాగదీయబడును.

ఇంతకంటె విచిత్రమైనది మఱొకటి కలదు. నీటిలోని ఆక్సిజనులో తేలికదియు బరువైనదియు గలవు. వాని పాళ్లు వానవానకును కొంత మాఱును. ఆ పాళ్లను గుర్తుగా పట్టుకొని 1970ల నుండి శాస్త్రజ్ఞులు వాగునీటిని పరీక్షింపగా, చాల అరణ్య ప్రాంతములలో వాన పడిన గంటలలో వచ్చిన వరదలో సైతము సగమునకు పైగా నీరు ఆ వానది కాక, ముందే నేలలో దాగియున్న పాతనీరని తేలినది. క్రొత్తవాన పైనుండి నెట్టగా, నిండుకుండలో చెంబెడు పోసినప్పుడు ముందున్నదే పొరలినట్లు, పాతది బయటికి వచ్చునన్నమాట. కావున ఆనాడు నా కన్నులయెదుట దూకిన నీటిలో కొంత అయిదు దినముల క్రిందటిది కూడ కాక, ఏరువాకనాటి తొలకరిదై యుండవచ్చును.

ఇంతమాత్రమున అడవి నీటిని పుట్టించునని చెప్పబోను. ఆ మాట సభలలో చప్పట్లు కొట్టించును గాని, పూర్తిగా సత్యము కాదు. చెట్లు నీరు త్రాగును, మిక్కిలిగా త్రాగును. అమెరికాలో కొలరాడో కొండలలో వాగన్ వీల్ గ్యాప్ అను చోట 1910 నుండి 1926 వరకు ప్రక్కప్రక్కనున్న రెండు చిన్న పరీవాహములను కొలిచి, నడుమ 1919లో ఒకదానిలోని అడవిని నఱికి చూడగా, నఱికిన దానినుండి ఏటి మొత్తముమీద నీరు ఎక్కువగానే వచ్చినది. అడవి రాబడిని పెంచు వ్యాపారి కాదు. ఉన్నదానిని నెలంతటికి సరిపెట్టు ఇల్లాలు. తన వాటా తాను తీసికొని, మిగిలినదానిని దుబారా కానీయదు. మనవంటి దేశమున, ఏటి వర్షములో దాదాపు ముప్పాతిక వంతు నైరృతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే కురిసి తక్కిన ఎనిమిది నెలలు ఆకాశము చేయిచాపనిచోట, ఈ సర్దుబాటే మనకు కావలసినది. అడవి పోయి, పశువుల కాళ్లక్రింద నేల గట్టిపడి, పైమన్ను కొట్టుకొనిపోయినచో భీమునిపాదము కొండ ఎత్తు అంగుళమైన తగ్గదు. కాని అదియు పాలకుర్తి బండవలె గంటసేపటి జలపాతమగును. ఎత్తు రాతిది, నిలుకడ అడవిది.

అడవి పట్టునకును మేర యున్నది. 2023 జూలై చివరివారమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అప్పుడే అదే జిల్లాలో వీరభద్రవరము అడవిలోని ముత్యాలధార జలపాతమును చూడబోయిన సుమారు 80 మంది, నడుమనున్న వాగు పొంగి దారి మూసివేయగా, అడవిలో చిక్కుకొని, రక్షకదళములు వచ్చి తెచ్చువరకు రాత్రివేళ ప్రాణములరచేత పట్టుకొని యుండిరి. నేల నిండిన తరువాత అడవియు బండయు ఒక్కటే. మనము నిలిచిన తావున చినుకు లేకున్నను, పైకొండమీద కురిసినది కొద్దిసేపటిలో మనపై పడవచ్చును. నీరు ఒక్కమాఱుగా బురదరంగు తిరిగినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చుచున్నను, హోరు పెరిగినను, చెప్పులు వెదకికొనుచు నిలువక గట్టెక్కవలెను. తడిబండపై కంటికి కనబడని సన్నని పాచిపొర యుండును. దాని జారుడునకు వయస్సు, వ్యాయామము అడ్డుపడవు.

కనుక భీమునిపాదము చూడగోరువారికి నా మనవి యొక్కటే. వాన కురియుచుండగా పోవలదు. కురిసిన మరునాడును వలదు. వాన వెలిసిన నాలుగవనాడో అయిదవనాడో, ఎండ కాచుచున్న ఉదయమున పొండు. ధారకు ముందుగా, దారిలో ఒకచోట ఆగి, రాలుటాకును చేతితో కొంచెము తొలగించి, క్రింది మన్ను పిడికిట పట్టి చూడుడు. అది యింకను తడిగానే యుండును.